వోల్వో 240లో టర్బో ఇంజిన్: కొనాల్సింది ఇంజిన్ కాదు, కారు

(దృశ్యం: అమెరికాలో ఒక ఇంటి గరాజు. బానెట్ ఎత్తిన 1991 వోల్వో 240. పక్కన ముందు భాగం సగం ఊడదీసిన 1992 వోల్వో 940 టర్బో.)

నమస్కారం. గీత గీసి మడతపెట్టిన అట్టపెట్టెలా కనిపిస్తున్న ఈ కారు పేరు వోల్వో 240. స్వీడన్‌లో 1974 నుంచి 1993 దాకా తయారైంది. విజయవాడ నుంచి వీడియో కాల్‌లో ఈ గరాజు చూసి మా నాన్న, "ఉన్న ఇంజిన్ బాగానే నడుస్తోంది కదరా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. ఉన్న ఇంజిన్ శక్తి 114 హార్స్‌పవర్. నలుగురిని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్తుంటే అద్దంలో వెనక లారీ పెద్దదవుతూ ఉంటుంది, మన బండి ఇంకా బయలుదేరాలా వద్దా అన్నట్టు ఉంటుంది. ఈ 940లో ఉన్న టర్బో ఇంజిన్‌ది 162 హార్స్‌పవర్. దాన్నే తీసి 240లో పెడుతున్నాను.

(దృశ్యం: రెండు ఇంజిన్లూ పక్కపక్కన.)

రెండింటికీ తేడా ఎక్కడుందో చూపించండి. కష్టం కదూ? దిమ్మ, అంటే సిలిండర్లుండే బ్లాకు, ఒక్కటే. 2.3 లీటర్లు, నాలుగు సిలిండర్లు, ఎర్ర రంగు. 240లో ఉన్నది బీ230ఎఫ్, 940లో ఉన్నది బీ230ఎఫ్‌టీ. ఈ కుటుంబం ఇంజిన్‌కే టర్బో పెట్టి 1980లలో కంపెనీ స్వయంగా 240 టర్బో అమ్మింది. 1985లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచింది కూడా ఈ పెట్టె కారే. అంటే ఈ బానెట్ కింద టర్బోకి చోటు మనం వెతకనక్కర్లేదు.

తేడా లోపల ఉంది. సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొట్టి దాని చివర పట్టుకోండి, చెయ్యి చురుక్కుమంటుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. టర్బో చేసే పని అదే: పొగ గొట్టంలోంచి పోయే వేడి వాయువుతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకున్న రెండో చక్రంతో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ముందే నొక్కి వచ్చిన గాలిని పిస్టన్ మళ్లీ అంతే గట్టిగా నొక్కితే, స్పార్క్ పడకముందో పడిన వెంటనో మిశ్రమం దానంతటదే పేలుతుంది. పిస్టన్‌కు చిల్లు పడేది అలాగే. అందుకే మామూలు ఇంజిన్‌లో 9.8గా ఉన్న కంప్రెషన్ నిష్పత్తిని, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్కను, టర్బో ఇంజిన్‌లో 8.7కి తగ్గించారు. గాలిని చల్లబరచడానికి రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ పెట్టారు.

ఇక నా తెలివితక్కువ పని చెప్తాను. మొదట నేను టర్బో ఇంజిన్ ఒక్కటే కొన్నాను. చవకగా వచ్చిందని సంబరపడ్డాను. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు లేదు. ఆయిల్ తిరిగి కిందికి దిగే గొట్టం లేదు. ఇంటర్‌కూలర్ పైపులు, ఇంజెక్టర్లు, కంప్యూటర్... ఒక్కొక్కటీ ఒక్కో చోట వెతికి కొన్నాను. ఆ వంకర ఆయిల్ పైపు ఒక్కదానికే మూడు వారాలు ఆగాను. లెక్క చూస్తే ఒక కారు ఖరీదు అయింది. ఆ ఇంజిన్ అమ్మేసి, తుప్పు పట్టినా సొంతంగా నడిచి వచ్చిన ఈ 940 మొత్తం కొన్నాను. అది నడుస్తుండగా చూడొచ్చు, వినొచ్చు, పొగ రంగు గమనించొచ్చు. ప్రతి బోల్టూ ఎక్కడిదో అదే చూపిస్తుంది.

(దృశ్యం: రెండు కంప్యూటర్ పెట్టెలు చేతిలో.)

వీటిని మర్చిపోకండి. ఒకటి పెట్రోల్ ఎంత పోయాలో, ఇంకొకటి స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్తుంది. పాతవే ఉంచితే స్పార్క్ తొందరపడుతుంది, తర్వాత జరిగేది పైన చెప్పుకున్నాం. నా 240 1991ది, అందులోనూ 940లో ఉన్న బాష్ ఎల్‌హెచ్ 2.4 అనే పెట్రోల్ ఇంజెక్షన్ పద్ధతే ఉంది కాబట్టి ఈ పెట్టెలు పాత సాకెట్లలోనే కూర్చున్నాయి. 1980లలో చాలా ఏళ్ల 240లకు ఈ అదృష్టం లేదు.

(దృశ్యం: 1984 కారు వైరు ముక్క దగ్గరగా.)

ఇది చూడండి. వంచుతున్నాను... తొడుగు ఎండిన సున్నంలా రాలిపోతోంది. లోపల రాగి బయటపడింది. అలాంటి బండి అయితే టర్బో మాట తర్వాత, ముందు వైరింగ్ మొత్తం మార్చండి.

(దృశ్యం: గొలుసుకు వేలాడుతున్న ఇంజిన్, గేర్‌బాక్సుతో సహా.)

గేర్‌బాక్సు సంగతి తేలిక. పాత బండిలో ఏడబ్ల్యూ70 ఆటోమేటిక్, టర్బో బండిలో అంతకంటే బలమైన ఏడబ్ల్యూ71. అదే పరిమాణం, ఇంజిన్‌తో కలిపే దించాను. చేతి గేర్లు కావాలంటే ఎం46 వెతకండి. ఎం47 టర్బో లాగుడికి తట్టుకునేది కాదు.

అంతా సాఫీగా దిగుతోంది అనుకుంటుండగా, ఇంకా రెండు వేళ్ల దూరం ఉండగా, టక్. ఇంజిన్ వెనక్కి పోదు. టార్చ్ వేసి చూస్తే డిస్ట్రిబ్యూటర్. మన పాత మెకానిక్కులు డెల్కో అనేది. 940లో అది హెడ్డు, అంటే బ్లాకు మీద బిగించే పై భాగం, వెనక ఉంటుంది; దానికోసం ఫైర్‌వాల్‌లో, అంటే ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య రేకు గోడలో, లోతుగా గూడు చేశారు. 240లో ఆ గూడు లేదు.

సుత్తి తీసుకుని రేకును లోపలికి కొట్టేవాళ్లున్నారు. నేను ఆ పని చెయ్యను. హెడ్డు వెనక రంధ్రానికి మూత బిగించి, పాత 240 డిస్ట్రిబ్యూటర్‌ను బ్లాకు పక్కన దాని పాత చోటులోనే పెట్టాను. స్పార్క్ సమయం తప్పదా అంటారా? తప్పదు. ఈ పద్ధతిలో సమయం చెప్పేది డిస్ట్రిబ్యూటర్ కాదు, ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్ అంచున ఉన్న రంధ్రాలను లెక్కపెట్టే సెన్సర్. డిస్ట్రిబ్యూటర్ పని వచ్చిన స్పార్క్‌ను నాలుగిళ్లకు పంచడమే. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ మొదటి సిలిండర్ వైపు తిరిగి ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

బ్రేకులు, రేడియేటర్, పెట్రోల్ పంపు పెరిగిన శక్తికి సరిపోతాయా అని ముందే చూసుకోండి. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

కాగితాల మాట. కాలిఫోర్నియాలో అయితే పెట్టే ఇంజిన్ కారు ఏడాదిదో, తర్వాతదో అయి ఉండాలి, దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ దానితో రావాలి, ప్రభుత్వ రెఫరీ చూసి ఒప్పుకోవాలి. మన దేశంలో, ఇంటి దగ్గర పాత కాంటెస్సా కారు ఉన్నవాళ్లు అడిగేలోపే చెప్తున్నాను: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రవాణా కార్యాలయం అనుమతి లేకుండా పాన ముట్టుకోకండి.

(దృశ్యం: స్టార్టర్ తిరుగుతున్న శబ్దం.)

మొదటిసారి వెంటనే స్టార్ట్ చెయ్యకూడదు. స్పార్క్, ఇంజెక్టర్ల వైర్లు ఊడదీసి, ఆయిల్ దీపం ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పాను. టర్బో ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది, ఎండిన బేరింగు మీద తిప్పితే ఆ రోజే దాని ఆఖరి రోజు. వైర్లు కలిపాను. మూడో తిప్పుకు అందుకుంది.

(దృశ్యం: డ్యాష్‌బోర్డు, కదులుతున్న స్పీడోమీటర్ ముల్లు.)

గేర్‌బాక్సు మార్చాను కదా, ఇది చచ్చిపోయి ఉంటుందనుకున్నాను. చావలేదు. ఈ 240 స్పీడోమీటర్‌కు లెక్క అందేది వెనక ఇరుసులోని సెన్సర్ నుంచి, దాన్ని నేను ముట్టుకోలేదు. టర్బో కింద ఆయిల్ దిగే గొట్టం దగ్గర మాత్రం ఒక్కో చుక్క కారుతోంది. గాస్కెట్ మళ్లీ విప్పాలి.