చాపింగ్ బోర్డు అతుకుకు ఏ జిగురు?

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద నీళ్ల బకెట్ ఎందుకుందా అని వచ్చినప్పటి నుంచి చూస్తున్నారు. అందులో మూడు చెక్క అతుకులు సోమవారం నుంచి నానుతున్నాయి. ఇవాళ శుక్రవారం. వాటి సంగతి ఆఖర్న చూద్దాం.

మన అమ్మమ్మలకు ఈ తలనొప్పి లేదు. కూరగాయలకు కత్తిపీట, మాంసానికి చింతమొద్దు. రెండింటికీ జిగురుతో పని లేదు. నిలబడి వండే గట్టు వచ్చాక దాని వెనకే చాపింగ్ బోర్డు కూడా వచ్చింది. అడుగు వెడల్పు పలకను ఒకే చెక్కలో తీస్తే వంకర తిరిగే అవకాశం ఎక్కువ. అందుకే సన్న పట్టీలు కోసి పక్కపక్కన అతికిస్తాం. బొబ్బిలి వీణల వాళ్లు ఏకాండి వీణకు కుండా దండీ ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. ఆ పద్ధతి గొప్పదే. కానీ వీణను ఎవరూ రోజుకు రెండుసార్లు సబ్బు పెట్టి తోమరు కదా.

నా మొదటి బోర్డు కథ చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగిన రోజు అది. మా పెరట్లో పనస కూడా పడిపోయింది. దాన్ని వంటచెరుకు చెయ్యడానికి మనసొప్పలేదు. పలకలు కోయించి, మధ్య మధ్య పుల్లలు పెట్టి, పాకలో మూడేళ్లు ఆరబెట్టాను. పసుపు రంగులో ఎంత అందమైన చెక్కో! ఇంట్లో ఉన్న మామూలు తెల్ల జిగురుతో పట్టీలు అతికించి అమ్మకిచ్చాను. నెల తిరక్కుండానే ఫోను: "ఏట్రా, నీ బోర్డు రెండు ముక్కలైపోనాది." కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత డబ్బా తిప్పి చూస్తే, తడి తగిలే చోట వాడొద్దని దాని మీదే రాసి ఉంది. చదవంది నేను.

ఆ తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్. పేరు విని భయపడకండి, చూయింగ్ గమ్ తయారీలో కూడా ఈ పదార్థాన్నే, శుద్ధి చేసిన రకాన్ని వాడతారు. ఇందులో సన్నటి రేణువులు నీటిలో తేలుతుంటాయి. ఆ నీటిని చెక్క పీల్చుకుంటే రేణువులు ఒకదానికొకటి అంటుకుని పొరవుతాయి. పొడిగా ఉన్నంతకాలం అతుకు చెక్క కన్నా గట్టిది. మళ్లీ నీళ్లు తగిలితే ఆ పొర ఉబ్బి మెత్తబడుతుంది. నీటికి ఆగే రకాల్లో ఈ రేణువుల గొలుసుల మధ్య అడ్డంగా ముడులు పడేలా చేస్తారు. అందుకే అవి అంత తేలిగ్గా ఉబ్బవు. రంగు చూసి ఏది ఏదో కచ్చితంగా చెప్పలేం, కాబట్టి రంగును నమ్మకండి.

మరి దేన్ని నమ్మాలి? డబ్బా మీద గుర్తును. ఐరోపా లెక్కలో, జిగురు నీటికి ఎంత ఆగుతుందో బట్టి డి1 నుంచి డి4 వరకు నాలుగు తరగతులున్నాయి, నంబరు పెరిగేకొద్దీ గట్టిది. డి3 అని రాయాలంటే అతుకును వారం ఆరబెట్టి, నాలుగు రోజులు చల్లని నీళ్లలో ఉంచాక కూడా నిర్ణీత బలం మిగలాలి. డి4కు ఆరు గంటలు ఉడికించే పరీక్ష కూడా ఉంది. అమెరికా లెక్క కాస్త తికమక. టైట్‌బాండ్ 2 అనే జిగురు టైప్ 2 నీటి పరీక్ష పాసయ్యింది, టైట్‌బాండ్ 3 మాత్రం టైప్ 1 పాసయ్యింది. అక్కడ ఒకటో నంబరే గట్టిది. మన ఊళ్లలో అయితే ఫెవికాల్‌లోనే మెరైన్ అని నీటికి ఆగే రకం వేరే దొరుకుతుంది. కొట్టులో ఊరికే "ఫెవికాల్ ఇవ్వండి" అంటే మామూలుదే చేతికొస్తుంది.

ఇంట్లో ఆడవాళ్లు అడిగేది వేరే ప్రశ్న: విషం కాదు కదా? న్యాయమైన ప్రశ్న. టైట్‌బాండ్ 2, 3 రెండూ ఆహారానికి పరోక్షంగా తగిలే వాడకానికి అమెరికా ఆహార నిబంధన ప్రకారం సరిపోతాయి. పరోక్షం అంటే, తిండికి తగిలేది చెక్క, జిగురు అతుకు గీతలో సన్నగా కనిపించేంతే. ఇలాంటి మాట డబ్బా మీద గానీ కంపెనీ కాగితంలో గానీ ఉంటే నాకు చాలు. బల్లకో తలుపుకో చేసిన జిగురులో, ముఖ్యంగా ఫార్మాల్డిహైడ్ వాసన వచ్చే పొడి జిగురుల్లో, ఆ భరోసా ఉండదు. వాటిని వంటింటికి తేవద్దు.

రెండు గొట్టాల్లోది కలిపి రాసే ఎపాక్సీ జిగురు నీటికి బాగా ఆగుతుంది, సందులు కూడా నింపుతుంది. కానీ రెండు పాళ్లూ సరిగ్గా కలవకపోతే గట్టిపడకుండా మిగిలిపోతుంది. ఆ మిగిలిందే చర్మానికీ తిండికీ చెడ్డది. నురగలా పొంగే పాలీయురేథేన్ చేతులకంటితే వారం దాకా వదలదు, నాకది పడదు. చుక్క వేస్తే క్షణంలో అంటుకునేది బొమ్మ చెయ్యి అతికించుకోవడానికి ఉంచండి. వజ్రం, అంటే పాత వడ్రంగులు ఉడికించే తోలు జిగురు, నీళ్లలో కరిగిపోతుంది.

ఇంతకీ అతుకులు విడిపోతే తప్పు చాలాసార్లు జిగురుది కాదు. పచ్చి చెక్క ఆరుతూ కుంచించుకుంటే ఎంత మంచి జిగురైనా లాగి వదిలేస్తుంది. రెండు పట్టీలను జిగురు లేకుండా ఆనించి దీపానికెదురుగా పట్టుకోండి. వెలుతురు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందే చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, వెంటనే జిగురు రాయాలి. బిగించినప్పుడు అతుకు పొడవునా చిన్న చిన్న ముత్యాల్లా జిగురు బయటికి రావాలి. ఏమీ రాకపోతే అది తక్కువైనట్టు, కారిపోతే డబ్బులు పోయినట్టు. క్లాంపులు, అంటే చెక్కల్ని బిగించి పట్టే పట్లు, కొనే స్తోమత లేకపోతే పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి చుట్టండి, బాగానే పట్టుకుంటుంది. విప్పాక కూడా ఒక రోజంతా దాన్ని ముట్టుకోకండి.

ఇంకొకటి. నీటికి ఆగే జిగురంటే బోర్డును సింకులో నానబెట్టమని కాదు. జిగురు ఆగినా చెక్క ఉబ్బుతుంది. కడిగి, తుడిచి, నిలబెట్టండి. వేడి గిన్నెలు కూడా దాని మీద దించకండి, తెల్ల జిగురు వేడికి మెత్తబడే జాతి.

సరే, బకెట్. మూడూ ఒకే పనస ముక్కలు, అతికించాక వారం ఆరినవే. ఇది మామూలు తెల్ల జిగురు. చూడండి, చేత్తోనే ఊడొచ్చింది, అతుకు మీద మీగడలా తెల్లగా ఉబ్బింది. ఇది నీటికి ఆగే రకం. చేత్తో రావడం లేదు... ఉలి పెట్టి కొడితే, అదిగో, అతుకు అలాగే ఉంది, పక్కన చెక్క నార చీలింది. మూడోది ఎపాక్సీ. దీన్ని మీలో ఎవరైనా కొట్టండి. రండి బాబూ, వెనక వరుసలో మీరే. ఉలి వేళ్లకు దూరంగా పట్టుకోండి.