వేదిక మీద చప్పట్లు, తరగతిలో నవ్వులు

శ్రోతలకు నమస్కారం.

పన్నెండు పదమూడేళ్ల పిల్లల కథ ఒకటి ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను. జపాన్ కథ. పేరు ‘హోరో ముసుకో’. తిరుగుతూ ఉండే కొడుకు అని అర్థం. షిమురా తకాకో అనే రచయిత్రి దీన్ని బొమ్మల కథగా 2002 నుంచి 2013 వరకు ఒక పత్రికలో ధారావాహికగా నడిపారు. పుస్తకాలుగా 15 సంపుటాలు వచ్చాయి. 2011 జనవరిలో ఫుజి టీవీ దీన్ని యానిమేషన్ సీరియల్‌గా ప్రసారం చేసింది. బొమ్మలన్నీ నీటిరంగులతో వేసినట్టు లేతగా ఉంటాయి. కథ మాత్రం అంత లేతది కాదు.

ఇందులో ఇద్దరు పిల్లలు ముఖ్యం. పేర్లు కొత్తగా ఉంటాయి కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఒకరు నిటోరి. అబ్బాయిగా పుట్టిన బిడ్డ, మనసులో మాత్రం అమ్మాయి. తను అలా అనుకుంటోంది కనుక నేను కూడా ‘వచ్చింది, వెళ్లింది’ అనే చెబుతాను. రెండో బిడ్డ తకత్సుకి. అమ్మాయిగా పుట్టింది, అబ్బాయిలా బతకాలని కోరిక. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని తిరుగుతుంది. ఇద్దరూ చిన్న తరగతుల నుంచి స్నేహితులు. మనసులో మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుని, దాన్ని ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకునేవాళ్లు. ఒకరోజు ఆ పుస్తకం దోయ్ అనే తోటి పిల్లవాడి చేతిలో పడింది. వాడు దాన్ని క్లాసులో అందరి ముందూ పైకి చదివాడు.

నన్ను అడిగితే ఈ కథలో మొదటి గాయం అదే. కొట్టడం, తిట్టడం జరగకముందే, పిల్లలు తమంతట తాముగా ఎవరికీ చెప్పని విషయాన్ని ఇంకొకరు బయటపెట్టేశారు. జపాన్‌లో ఇలా ఇతరుల రహస్యాన్ని బయటపెట్టడం గురించి తర్వాతి కాలంలో పెద్ద చర్చే జరిగింది. టోక్యో పరిధిలోని కునితాచి అనే ఊరు 2018లో అది తప్పని చెబుతూ స్థానిక శాసనమే చేసుకుంది. ఎవరి సంగతి ఎప్పుడు, ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు వాళ్లదే అని ఆ ఊరు రాతపూర్వకంగా ఒప్పుకుంది.

సరే, కథలోకి వస్తాను. జపాన్ బడుల్లో ఏటా సాంస్కృతిక ఉత్సవం జరుగుతుంది. తరగతికి ఒక నాటకమో, ప్రదర్శనో ఉంటుంది. నిటోరి, చిబా అనే స్నేహితురాలు కలిసి రోమియో జూలియట్ కథను తీసుకుని నాటకం రాశారు. అబ్బాయిల పాత్రలు అమ్మాయిలు వేయాలి, అమ్మాయిల పాత్రలు అబ్బాయిలు వేయాలి. బడి ఒప్పుకుంది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు.

జపాన్‌కు ఇది కొత్త కాదు. 1629లో అక్కడి పాలకులు ఆడవాళ్లు వేదికెక్కకూడదని నిషేధించారు. అప్పటి నుంచి కబుకి నాటకాల్లో స్త్రీ పాత్రలు మగవాళ్లవే అయ్యాయి. అలాంటి పాత్రలు వేసే బాండో తమసబురోను 2012లో ఆ దేశం ‘సజీవ జాతీయ నిధి’గా గౌరవించింది. ఇటువైపు 1914లో మొదటి ప్రదర్శన ఇచ్చిన తకరజుకా బృందంలో మగ పాత్రలతో సహా అన్నీ ఆడవాళ్లే వేస్తారు. మన దగ్గర మాత్రం తక్కువా? బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచొస్తుంటే జనం ఊపిరి బిగబట్టి చూశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఉషగా, సత్యభామగా ఆడితే ఆయన మగవాడని నమ్మని వాళ్లున్నారు. ఆయనకూ 1970లో పద్మశ్రీ ఇచ్చారు. వీళ్లను తలుచుకుని మనం గర్వపడతాం. పడాలి కూడా.

ఇక ఆ బడికి వెళ్దాం. ఒక మామూలు రోజు, పొద్దున. నిటోరి అమ్మాయిల యూనిఫాం వేసుకుని బడికి వచ్చింది. నాటకం లేదు, ఉత్సవం లేదు. నడవాలో పిల్లలు గుమిగూడారు, నవ్వారు. టీచర్లు కంగారుపడ్డారు. బడిలో ఒంట్లో బాగోలేని పిల్లలను పడుకోబెట్టే గది ఒకటి ఉంటుంది. నిటోరిని అక్కడికి తీసుకెళ్లారు. ఇంటికి ఫోన్ చేశారు. ఆ తర్వాత కొంతకాలం నిటోరి తరగతి గదికి వెళ్లలేకపోయింది. బడికి వచ్చినా ఆ గదిలోనే కూర్చునేది. జపాన్‌లో క్లాసుకు వెళ్లలేని పిల్లలు ఇలా ఆరోగ్య గదికి వచ్చి వెళ్లడం ఎంత మామూలైపోయిందంటే దానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది.

ఆ సన్నివేశంలో ఎవరూ చెయ్యి చేసుకోరు. ఆ టీచర్లు చెడ్డవాళ్లని కథ ఎక్కడా చెప్పదు. వాళ్లు మెల్లగానే మాట్లాడతారు. నా బాధంతా అక్కడే. ఒంట్లో ఏ జబ్బూ లేని పిల్లను తీసుకెళ్లి జబ్బు పడ్డవాళ్ల గదిలో కూర్చోబెట్టారు. నవ్విన ముప్పై మందిని ఏ గదికీ పంపలేదు. నవ్వు ఆపడం కన్నా, నవ్వు తెప్పించిన బిడ్డను కళ్లముందు లేకుండా చేయడం వాళ్లకు సులువుగా తోచింది.

దీనికి ముందే జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. చిజురు అని పొడుగ్గా, దేన్నీ లెక్కచేయని అమ్మాయి ఒకతి ఉంది. బడి మొదలైన రోజే సరదాకి అబ్బాయిల యూనిఫాంలో వచ్చింది. కొంచెం మందలించారు, అంతే. తోటి పిల్లలకు ఆమె ఇంకా నచ్చింది. తర్వాత తకత్సుకి కూడా ఒకరోజు అబ్బాయిల యూనిఫాం వేసుకొచ్చింది. దానికీ పెద్ద గొడవ కాలేదు. మూడోసారి వచ్చింది నిటోరి. ఆ ఒక్కరోజుతో తన బడి జీవితం తలకిందులైపోయింది.

మూడూ ఒకే బడిలో జరిగాయి, మూడింటిలోనూ తప్పింది ఒకే నియమం. అయినా ప్యాంటు వేసుకున్న ఆడపిల్లను ధైర్యవంతురాలన్నారు, స్కర్టు వేసుకున్న బిడ్డను మాత్రం విడ్డూరంగా చూశారు. రచయిత్రి దీని గురించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మూడు సంఘటనలూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు.

మన ఇళ్లలోనూ అంతే కదండీ. కూతురు జీన్స్ వేసుకుని, బైకు నడిపి, చెట్టెక్కితే ‘మా అమ్మాయి మగరాయుడండీ’ అని తండ్రి నలుగురిలో మురిసిపోతాడు. కొడుకు చేతికి గాజులు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే అదే తండ్రి ముఖం ఎలా మారుతుందో మీకు చెప్పనక్కర్లేదు. బడిలో ఒక పిల్లవాడి నడక కొంచెం మెత్తగా ఉంటే, మాట్లాడేటప్పుడు చేతులు తిప్పితే, ఏడో తరగతికల్లా వాడికి ఒక పేరు పెట్టేస్తారు. పదో తరగతి అయ్యేదాకా ఆ పేరు వదలదు. ఆడదానిలా ఉండటం అంటే కిందికి దిగడం అని మనం లోపల ఎక్కడో నమ్ముతున్నాం. కాబట్టే అటు వెళ్లే మగపిల్లాడి మీద అంత కోపం వస్తుంది. ఆ నవ్వులో సగం ఆడవాళ్ల మీద ఉన్న చిన్నచూపే.

ఈ మధ్య బడుల్లో అందరికీ ఒకే రకం యూనిఫాం అంటున్నారు. 2021 డిసెంబర్‌లో కేరళలోని బాలుస్సేరి ప్రభుత్వ పాఠశాలలో అమ్మాయిలకూ ప్యాంటు, చొక్కా ఇచ్చారు. దేశమంతా మాట్లాడుకుంది. నాకు సంతోషమే, ఆ పిల్లలు హాయిగా సైకిల్ తొక్కుకోవచ్చు. కానీ చూడండి, అందరికీ ఒకటే అన్నప్పుడు ఆ ఒకటీ ప్యాంటే అయింది. నిటోరి లాంటి బిడ్డకు అందులో చోటు దొరకలేదు. జపాన్‌లో చిబా రాష్ట్రంలోని కషివా నగరంలో 2018లో తెరిచిన ఒక మిడిల్ స్కూలు వేరే పద్ధతి పెట్టింది. స్కర్టో ప్యాంటో, టైయో రిబ్బనో, ఎవరికి ఏది కావాలో పిల్లలే ఎంచుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. ఈ ‘ఎందుకని అడగకపోవడం’ చాలా పెద్ద సంగతి. కారణం చెప్పాలంటే పిల్లలు తమ మనసు విప్పి చూపాలి. పదమూడేళ్లకు అది ఎంతమంది చేయగలరు?

జపాన్ అక్కడిదాకా రావడానికి ముందు టీవీ పాత్ర ఇంకొకటి ఉంది. ‘కింపాచి సెన్సే’ అనే సీరియల్ ఆ దేశంలో 1979 నుంచి 2011 దాకా విడతలు విడతలుగా వచ్చింది. తకేదా తెత్సుయ అనే నటుడు అందులో మిడిల్ స్కూల్ టీచరు. ప్రతి విడతలోనూ కొత్త తరగతి, ఆ కాలపు పిల్లల కొత్త సమస్య. 2001 అక్టోబర్ నుంచి 2002 మార్చి వరకు నడిచిన ఆరో విడతలో తరగతిలోకి ఒక కొత్త విద్యార్థి వస్తుంది. పేరు త్సురుమోతో నావో. ఎవరితోనూ కలవదు. శరీరం అమ్మాయిది, మనసు అబ్బాయిది. ఆ పాత్ర వేసిన ఉఎతో అయాకు అప్పటికి పదహారేళ్లు. ఇంట్లో అందరూ కలిసి కూర్చుని చూసే సీరియల్ అది. అందుకే తాతలూ అమ్మమ్మలూ కూడా ఇలాంటి పిల్లలుంటారని మొదటిసారి విన్నారు. 2003లో జపాన్ పార్లమెంటు కొన్ని షరతులతో అధికార పత్రాల్లో ఆడా మగా మార్చుకోవడానికి చట్టం చేసింది. ఆ షరతులు చాలా కఠినమైనవి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ జరిగి ఉండాలన్నది అందులో ఒకటి. అది రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో తేల్చింది. అంటే ఇరవై ఏళ్లు పట్టింది.

కింపాచి సీరియల్‌లో నావో సంగతి జనానికి అర్థం కావడానికి వైద్యులు వాడే పదం ఒకటి కావలసి వచ్చింది. అప్పటికి అదే దారి, తప్పుపట్టను. ‘హోరో ముసుకో’లో ఆ మాటను ముందు పెట్టలేదు. నిటోరి కోరుకున్నదల్లా బడికి ఆ బట్టల్లో రావడం. అంతకు మించిన కారణం ఎందుకు కావాలని కథ అడుగుతుంది. నాకు ఈ రెండో దారే ఎక్కువ నచ్చింది.

ప్రభుత్వం కూడా కదిలింది. ఓత్సు అనే ఊళ్లో 2011లో తోటి పిల్లల వేధింపు భరించలేక ఒక పదమూడేళ్ల బాలుడు ప్రాణం తీసుకున్నాడు. పెద్దలు సరిగా పట్టించుకోలేదని దేశం మండిపడింది. 2013లో బడుల్లో వేధింపు నివారణకు చట్టం వచ్చింది. ఆ చట్టంలో నాకు నచ్చినది ఒకటుంది. వేధింపు జరిగిందా లేదా అన్నది, చేసినవాళ్లు సరదాకి అన్నారా కోపంతో అన్నారా అనేదాన్ని బట్టి తేల్చరు. పడిన బిడ్డకు బాధ కలిగిందా అన్నదే చూస్తారు. ‘ఊరికే ఆటపట్టించాం సార్’ అంటే అక్కడ చెల్లదు. తర్వాత విద్యాశాఖ దేశవ్యాప్తంగా ఆరా తీస్తే నిటోరి లాంటి పిల్లలు 606 మంది గురించి బడుల నుంచి సమాచారం వచ్చింది. బయటికి చెప్పుకోగలిగిన వాళ్ల లెక్కే అది. 2015 ఏప్రిల్‌లో టీచర్లకు సూచనలు వెళ్లాయి. యూనిఫాం, పిలిచే పేరు, టాయిలెట్, బట్టలు మార్చుకునే గది, ఈత క్లాసు, విహారయాత్రలో పడక, ఇలా చిన్న చిన్న విషయాలన్నీ అందులో ఉన్నాయి. పిల్లల కష్టం ఉండేది ఆ చిన్న విషయాల్లోనే. మన దేశంలో 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ఇలాంటి పిల్లల గురించి టీచర్ల కోసం ఒక శిక్షణ పుస్తకం తయారు చేసింది. అభ్యంతరాలు రావడంతో కొద్దిరోజుల్లోనే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. మన టీచర్లకు మళ్లీ అలాంటి సాయం అందాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చాలామందికి ఒక అనుమానం ఉంటుంది, దాని గురించి కూడా మాట్లాడతాను. ఆడపిల్లగా ఉండాలనుకునే అబ్బాయి అంటే అబ్బాయిలను ఇష్టపడతాడేమో అనుకుంటాం. నిటోరి ముందు తకత్సుకిని ఇష్టపడింది, తర్వాత అన్నా అనే అమ్మాయిని. నేను ఎవరు అన్నది ఒక ప్రశ్న, నాకు ఎవరంటే ఇష్టం అన్నది ఇంకో ప్రశ్న. ఒకదానికి జవాబు దొరికితే రెండోది దొరికినట్టు కాదు. ఈ కథలో పిల్లలు ఆ రెండింటితోనూ విడివిడిగా తికమకపడతారు. పెద్దవాళ్లం మనమే వాటిని కలిపేసి వాళ్లను ఇంకా గందరగోళపెడతాం.

పుస్తకాల చివరికి వచ్చేసరికి ఇద్దరి దారులూ వేరవుతాయి. తకత్సుకి పెరిగి, తను అమ్మాయిగానే ఉండగలనని గ్రహిస్తుంది. నిటోరి మాత్రం తను అమ్మాయినేనని ఇంకా గట్టిగా తెలుసుకుని, తన కథను రాయడం మొదలుపెడుతుంది. ఒకరిది నిజం, ఒకరిది వయసు పైత్యం అని రచయిత్రి తీర్పు చెప్పలేదు. ‘పెద్దయితే అదే పోతుందిలే’ అనే తల్లిదండ్రులకూ, ‘ఇప్పుడే తేల్చి చెప్పు’ అని తొందరపెట్టేవాళ్లకూ ఇది నచ్చకపోవచ్చు. పిల్లలకు మాత్రం ఊపిరి తీసుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది.

సీరియల్ చిన్నదే, పదకొండు భాగాలు. ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే వాళ్లతో కలిసి చూడండి. చూసేటప్పుడు మకోతో అనే బిడ్డను గమనించండి. కళ్లజోడు, మొహం మీద మచ్చలు. నిటోరి కోరికే మకోతోకీ ఉంది. కానీ నిటోరి అందంగా ఉంటుంది, అమ్మాయి బట్టలు ఇట్టే నప్పుతాయి, తనకు నప్పవు అని మకోతో కుంగిపోతుంది. చూసేవాళ్లం మనం కూడా నిటోరి అందాన్ని చూసి తొందరగా కరిగిపోతాం. మకోతో విషయంలో మన మనసు అంతే తొందరగా కరుగుతోందా లేదా, అది మాత్రం తప్పకుండా చూసుకోండి.