బ్యాక్టీరియాకు దారి ఎవరు చెప్పారు?

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అధ్యాపకులకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

శెనక్కాయ చెట్టు పీకితే వేళ్లకు బుడిపెలు కనిపిస్తాయి కదా. గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే బ్యాక్టీరియా వాటిలోనే కాపురముంటుంది. మట్టిలో ఉన్న దానికి వేరు ఎటుందో ఎలా తెలిసింది? వేరు వదిలే రసాయనాల జాడ పట్టుకుని వస్తుందని పరీక్షలో రాసేస్తాం. మెదడే లేని జీవి జాడ పట్టడమేమిటని మాత్రం అడగం.

దీనికి ఎక్కువ జవాబులు మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా దగ్గర దొరికాయి. దాని పొడవు సుమారు 2 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముందు కొసన ఆహారం ఎంతుంది, వెనక కొసన ఎంతుంది అని పోల్చుకుందామంటే తేడా మరీ స్వల్పం. అందుకని ఇప్పుడెంత ఉంది, కొన్ని సెకన్ల కిందట ఎంత ఉండింది అని పోల్చుకుంటుంది. 1972లో బెర్గ్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు ఒక్కో బ్యాక్టీరియాను వెంటాడే మైక్రోస్కోపుతో దాని నడక కొలిచారు. దాదాపు ఒక సెకను నేరుగా ఈత, సెకనులో పదో వంతు దొర్లడం, ఆపైన ఎటో ఒకవైపు మళ్లీ ఈత. ఆహారం పెరిగే దిక్కున పోతుంటే ఈత సాగుతుంది. తగ్గే దిక్కున పోతుంటే మామూలుగానే ఉంటుంది, కంగారు పడదు.

ఇంతే నియమంతో కంప్యూటర్లో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వెయ్యి చుక్కలు వదలండి. దొర్లాక ఎటు తిరగాలో లాటరీ. ఆహారం పెరుగుతుంటే దొర్లే అవకాశం తగ్గించండి. కాసేపటికి చుక్కలు ఆహారం వైపు పోగవుతాయి, ఒక్కదానికీ దారి తెలియకుండానే! సిలబస్‌లో లేదని మొహాలు ముడవకండి, అసలు సరదా ఇక్కడే. జ్ఞాపకం ఎన్ని సెకన్లో మార్చి చూడండి. మరీ తక్కువైతే కొలతలో గందరగోళం. మరీ ఎక్కువైతే, నీటి అణువుల తాకిడికి చుక్క దిక్కే మారిపోయి ఉంటుంది, పాత కబురు ఎందుకూ పనికిరాదు. ప్రోగ్రాంలో ఇది ఒక్క అంకె. బతికున్న కణంలో మార్చాలంటే చాలా కష్టం.

బొమ్మ బాగా కదిలిందని మురిసిపోతే చాలదు. ప్రయోగం చేసి చూస్తే తప్పు అని తేలే అవకాశమున్న మాట ఆ నమూనా చెప్పాలి. అగరుబత్తి వాసన కాసేపటికి మనకు తెలియకుండా పోయినట్టు, బ్యాక్టీరియా కూడా కొత్త మోతాదుకు అలవాటు పడి మామూలు తీరుకు వచ్చేస్తుంది. లోపలి ప్రోటీన్లు ఎక్కువైనా తక్కువైనా ఈ గుణం చెడదని 1997లో బర్కాయ్, లీబ్లర్ అనే శాస్త్రవేత్తలు గణిత నమూనాతో అన్నారు. 1999లో కణాల్లో ప్రోటీన్ల మోతాదు నిజంగానే మార్చి చూశారు. ఆ మాట నిలిచింది.

మన చేను సంగతికి వద్దాం. ఈ లెక్కలన్నీ ధారాళంగా నీళ్లున్న చోటివి. మట్టిలో రేణువుల మీది పలుచటి నీటి పొరలోనే బ్యాక్టీరియా ఈదాలి. వాన పడిన కొన్నాళ్లకే మన ఎర్రనేల ఆరిపోతుంది, ఆ పొరలు తెగిపోతాయి. అప్పుడు ఎంత చక్కగా జాడ పట్టినా వేరు దాకా చేరుతుందా? ప్రోగ్రాంలో గోడలు పెట్టి, నీటిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ చూడాలి. చేయాలని ఉన్నవాళ్లు మీటింగ్ అయ్యాక పెన్ డ్రైవ్‌తో రండి, నా ప్రోగ్రాం ఇస్తాను.