నీళ్ల గిన్నెలో కలిపితే చిలకకు మందు వేసినట్టు కాదు

నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ మొన్న వాయిస్ మెసేజ్ పెట్టారు. వాళ్ల కాక్‌టీల్, అంటే తల మీద కుచ్చుండే చిన్న చిలక, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, పంజరం అడుగునే కూర్చుంటోందట. డాక్టరుగారికి చూపించారు. ఆయన సిరప్ రాసి, పాయింట్ వన్ ఎంఎల్ చొప్పున రెండు పూటలా నోట్లో వెయ్యమన్నారు. "పట్టుకుంటే కరుస్తోందండీ, నా చేతుల్లోనే ఏమైనా అయిపోతుందేమోనని భయం. నీళ్ల గిన్నెలో కలిపి పెట్టెయ్యనా?" అని అడిగారు.

వద్దమ్మా. భయం నాకు అర్థమైంది, కానీ వద్దు.

జబ్బు చేసిన పిట్ట మేత తగ్గిస్తుంది, చాలాసార్లు నీళ్లూ తగ్గిస్తుంది. అసలు కాక్‌టీల్ గానీ, మనం లవ్ బర్డ్స్ అని కొనుక్కొచ్చుకునే బడ్జీలు గానీ ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాల పక్షులు. తక్కువ నీళ్లతో నెట్టుకురావడం వాటికి పుట్టుకతోనే వచ్చింది. ఒంట్లో బాగున్న బడ్జీయే రోజు మొత్తానికి చిన్న చెంచాడు నీళ్లు తాగితే గొప్ప. మీరు వంద ఎంఎల్ నీళ్లలో మందు కలిపి పెడితే దాని ఒంట్లోకి ఎంత వెళ్లిందో డాక్టరు కూడా చెప్పలేడు. చేదు తగిలిందా, ఇక గిన్నె వైపే రాదు. అప్పుడు మందూ పోయింది, నీళ్లూ పోయాయి. అదే మే నెలలో, మన బెజవాడ ఎండలకి నోరెండి ఎక్కువ తాగేసిందనుకోండి, మందు మోతాదు దాటిపోతుంది. పైగా డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు వెలుతురులో ఉంటే బలం తగ్గిపోతాయి. యాంటీబయాటిక్ అరకొరగా లోపలికి వెళ్తే క్రిములు చావవు సరికదా, ఆ మందునే తట్టుకోవడం నేర్చుకుంటాయి.

పెద్ద షెడ్డులో పదులకొద్దీ పక్షులున్నవాళ్లకు డాక్టర్లే కొన్నిసార్లు నీళ్ల మందు ఇస్తారు. అన్నిటినీ పూటపూటా పట్టుకోవడం కుదరదు కాబట్టి, లెక్క కట్టి ఇస్తారు. ఇంట్లో ఒకటో రెండో ఉన్న మనకు ఆ ఇబ్బంది లేదు.

ఇంకొందరు పండు మిరపకాయలో దూర్చి పెడతామంటారు. మన గుంటూరు మిర్చి ఘాటు చిలకలకు తెలియదన్నది నిజమే. మన నోరు మండించే క్యాప్సైసిన్ పక్షుల నరాలను ఏమీ చెయ్యదు, అందుకే కరకరా నమిలేస్తాయి. కానీ అది తినేది ఎలాగో ఒకసారి దగ్గరగా చూడండి. గింజలు ఏరుకుంటుంది, తొక్క చీల్చి కింద పడేస్తుంది. మీ మందు ఆ తొక్కతో పాటే ట్రేలోకి వెళ్తుంది.

కాబట్టి సిరంజితో, నేరుగా నోట్లోకే. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఇది సూది లేని 1 ఎంఎల్ సిరంజి. దీనిమీద పాయింట్ వన్, పాయింట్ టూ అని గీతలు నేరుగా ఎంఎల్‌లోనే ఉన్నాయి. ఇదే కొనండి. మెడికల్ షాపులో ఇది లేదని ఇన్సులిన్ సిరంజి చేతిలో పెడతారు, అక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇన్సులిన్ సిరంజి మీద ఉండేవి యూనిట్లు. ఎర్ర మూత ఉన్నదాంట్లో 40 యూనిట్లు ఒక ఎంఎల్, నారింజ రంగు మూత ఉన్నదాంట్లో 100 యూనిట్లు ఒక ఎంఎల్. పాయింట్ వన్ ఎంఎల్ కావాలంటే ఎర్ర మూతలో 4 గీత దాకా, నారింజ మూతలో 10 గీత దాకా లాగాలి. ఎర్ర మూత సిరంజిలో 10 దాకా లాగారనుకోండి, రెండున్నర రెట్ల మందు వెళ్లిపోయినట్టే. తొంభై గ్రాముల ప్రాణానికి అది చాలా పెద్ద తేడా. ఫోన్‌లో డాక్టరుగారు "పాయింట్ వన్" అంటే "వన్" అని విన్నవాళ్లూ ఉన్నారు, అది ఏకంగా పది రెట్లు. కాగితం మీద రాయించుకోండి. ఆయన ముందే సిరంజిలోకి లాగి చూపించి, "ఇంతేనా సార్?" అని అడగండి. మొహమాటపడకండి.

ఇక పట్టుకోవడం. పొద్దున్నే, మేత పెట్టకముందు చెయ్యండి. కడుపు నిండా ఉంటే కక్కేస్తుంది. ఫ్యాను ఆపండి, తలుపులు, కిటికీలు మూయండి. సీసా బాగా కుదపండి, ఫ్రిజ్‌లోంచి తీసిందైతే సిరంజిని కాసేపు గుప్పిట్లో పెట్టుకోండి, చల్లదనం పోతుంది. అన్నీ సిద్ధం చేసుకున్నాకే పిట్టను ముట్టుకోవాలి. టర్కీ టవల్ వద్దు, ఆ పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. మెత్తటి పాత నూలు తువ్వాలు చాలు. లైటు తగ్గిస్తే అంతగా ఎగరదు. వెనకనుంచి తువ్వాలుతో కప్పి, బొటనవేలు, చూపుడువేలు దవడకు రెండు పక్కలా రానివ్వండి. తల కదలకపోతే చాలు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఛాతీ నొక్కకండి. మనకు ఊపిరి తీసుకోవడానికి ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరం ఉంది, పక్షికి అది లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ ఆడితేనే దానికి గాలి అందుతుంది. ముక్కు తెరిచే ఉన్నా, గొంతు బాగానే ఉన్నా, ఛాతీ బిగించి పట్టుకుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. చేతులకు గ్లౌజులు వేసుకుంటే ఎంత నొక్కుతున్నామో మనకే తెలియదు, అందుకే నేను వద్దంటాను. కరిస్తే కరవనివ్వండి, కాక్‌టీల్ కాటు మానిపోతుంది.

మా కాక్‌టీల్‌ని పట్టుకుని చూపిస్తున్నా. తల మీద కుచ్చు చూశారా, వెనక్కి అణిగిపోయింది, బుస కొడుతోంది, అంటే భయపడింది. నిటారుగానే పట్టుకున్నా, వెల్లకిలా కాదు. సిరంజి కొన దాని ఎడమ పక్క నుంచి పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందులోంచి నోట్లోకి పోనిచ్చి, కుడివైపు వెనక్కి చూసేలా పెడుతున్నా. మెడ కింద గింజలు నిలవుండే సంచి కుడివైపుకే ఉంటుంది, మందు అటు జారాలి. గాలిగొట్టం నోరు నాలుక మొదట్లో, సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఎదురుగా నుంచి చిమ్మితే మందు అందులోకి పోయి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇదిగో ఒక చుక్క. ఆగుతున్నా. నాలుక చూడండి, నల్లగా, పొట్టిగా, పైకీ కిందికీ ఆడుతోంది. గొంతు కదిలింది, మింగింది. ఇప్పుడు రెండో చుక్క. పాయింట్ వన్ అంటే మొత్తం రెండు మూడు చుక్కలే, తొందరేముంది? దగ్గినట్టు చేసినా, ముక్కు రంధ్రాల్లో బుడగలొచ్చినా, నోరు తెరిచి ఎగపీల్చినా వెంటనే వదిలెయ్యండి. ఆ పూటకు అంతే, డాక్టరుకు ఫోన్ చెయ్యండి. సగం కక్కిందని మళ్లీ అంతా వెయ్యకండి, ఎంత లోపలికి పోయిందో తెలియకుండా రెండోసారి వేస్తే మోతాదు ఎక్కువవుతుంది.

వదిలాక ఒక చిన్న ఇష్టమైన ముక్క, కొర్ర కంకి గానీ జామకాయ గానీ పెట్టండి. బాగున్న రోజుల్లోనే ఇదే సిరంజితో క్యారెట్ రసం రెండు చుక్కలు ఇవ్వడం అలవాటు చేస్తే, జబ్బు రోజున తువ్వాలు అవసరమే రాదు. పిట్టే సిరంజి వైపు నడిచొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చిలకలున్న ప్రతి ఇంటివాళ్లనీ ఇది ఈ వారమే మొదలుపెట్టమని బతిమాలుతున్నా.

డాక్సీసైక్లిన్ రాస్తే పంజరంలో కటిల్ బోన్ (కాల్షియం కోసం కొరకడానికి పెట్టే తెల్లటి పెంకు), కాల్షియం మందులు తీసెయ్యాలా అని డాక్టరుని అడగండి. కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుంది, ఒంటికి ఎక్కనివ్వదు. చిలకల నుంచి మనుషులకు అంటుకునే సిట్టకోసిస్ అనే జబ్బుకు ఇచ్చేది కూడా ఈ మందే, చాలాసార్లు వారాల తరబడి. అందుకని రెట్ట శుభ్రం చేసేటప్పుడు కాగితం తడిపి తియ్యండి, మాస్క్ పెట్టుకోండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే "చిలకను పెంచుతున్నాం" అని మీ డాక్టరుకు చెప్పండి.

మెడికల్ షాపులో అడిగి చిలకకు మందు తేవడం నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. కన్ను వాచిందని తెచ్చే కంటి చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది పక్షి రోగనిరోధక శక్తిని దించేస్తుంది, ఆ సందులో ఊపిరితిత్తుల్లో బూజు పడుతుంది. ఆయింట్‌మెంట్లు ఈకలకు అంటుకుంటాయి, అది ముక్కుతో సవరించుకుని మింగేస్తుంది. ఇక బ్రాందీ చుక్క, ఆముదం చుక్క అసలు వద్దు. మన మాత్రలో వెయ్యో వంతు విరిచి ఇస్తే సరిపోతుందనీ అనుకోవద్దు, పక్షి ఒంట్లో మందు కరిగిపోయే వేగమే వేరు.

మీ ఇంట్లో ఉన్నది రామచిలుకైతే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. దెబ్బ తగిలి మీ డాబా మీద పడినదైతే అటవీ శాఖవాళ్లకు అప్పగించండి. దాచిపెట్టి సొంత వైద్యం మాత్రం చెయ్యకండి.

చివరగా బ్రాడీపేట అమ్మగారికి. గ్రాముల్లో చూపించే కిచెన్ తూకం ఒకటి కొనండి. రోజూ పొద్దున, మేతకు ముందు బరువు రాసుకోండి. తొంభై ఉన్నది ఎనభై ఒకటికి దిగితే మందు పని చేస్తోందా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు, బయల్దేరండి. మీ డాక్టరుగారు అందకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, వేళలు ముందు ఫోన్‌లో కనుక్కోండి. వెళ్లేటప్పుడు ఆ పొద్దుటి రెట్ట ఉన్న కాగితం, మందు సీసా, మీరు వాడుతున్న సిరంజి, బరువులు రాసిన చీటీ పట్టుకెళ్లండి. పంజరం మీద పల్చటి గుడ్డ కప్పండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి, ఎండ ముదరకముందే ఊరు దాటండి.