తోడిలో గాంధారం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవాలిగానీ నాకిచ్చింది పది నిమిషాలే, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దణ్ణం.

నేను మాట్లాడాల్సింది మా దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులతో. "ఇంకా సరళీ స్వరాలేనా అండీ, పక్క క్లాసులో వర్ణాలు మొదలెట్టేశారట" అని గేటు దగ్గర నిలబెట్టి అడుగుతారు చూడండి, వాళ్లతో. సరళీలంటే మొట్టమొదటి పాఠాలు, వర్ణాలు చాలా తర్వాత వచ్చేవి.

ఆమధ్య ఒకబ్బాయి చేరాడు, వేరేచోట డిప్లొమా పరీక్షకి చదివినవాడు. 72 మేళకర్తలూ, అంటే మూల రాగాలన్నీ, గడగడా అప్పజెప్పాడు. తోడి రాగం ఎన్నోది అంటే, అక్షరాలకి అంకెలిచ్చే కటపయాది లెక్క వేసి, దాని మేళకర్త పేరు హనుమతోడిలో హ అంటే 8, ను అంటే 0, తిరగేస్తే 08, కాబట్టి ఎనిమిదోది అన్నాడు. శభాష్ అన్నాను. స్వరాలు? సరిగమల్లో రి అంటే శుద్ధ రిషభం, గ అంటే సాధారణ గాంధారం... ఒక్కటీ తప్పు లేదు. సరే నాన్నా, ఆ గాంధారం ఒక్కటి వాయించు అన్నాను. వేలు పెట్టాడు, కమాను లాగాడు, గాంధారం కదలకుండా తిన్నగా పలికింది. స్థానం తప్పని అనలేం, కానీ తోడి ఎక్కడుందండీ అందులో? ఆ గాంధారం రిషభం వైపు దిగుతూ మధ్యమం వైపు ఎగబాకుతూ ఊగాలి, ఎంత ఊగాలో ఏ పుస్తకంలోనూ రాయలేరు. వాయించి చూపించాను. అర్థమైందని వాడి మొహంలోనే తెలిసిపోయింది. మళ్లీ వాయించాడు, మళ్లీ అదే! చెవికి అర్థమైంది, వేలికి ఎవరు చెప్తారు?

వయొలిన్‌కి వీణలా వేలు ఎక్కడ పెట్టాలో చూపే మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరమే. అందుకే మాయామాళవగౌళ రాగంలో అవే సరళీలు, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, మీకు విసుగొచ్చేదాకా.

సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందని అడుగుతారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయిద్యం విని పాఠం చెప్పడానికే పెట్టుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. మరి ఏ సర్టిఫికెట్ చూసి తీసుకున్నారండీ?

ఒక్కటే అడుగుతున్నాను, ఇంట్లో రోజూ అరగంట టీవీ కట్టేయండి. చుట్టాలొచ్చారని "సినిమా పాట ఒకటి వాయించరా" అనకండి, దండం పెడతాను.

సరే, కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. ఇప్పుడు చిన్నపిల్లలు సరళీలు వాయిస్తారు. మూడో కాలంలో తడబడతారు, తడబడనివ్వండి. మధ్యలో మాత్రం చప్పట్లు కొట్టకండి, తాళం తప్పుతారు.