తక్కువ ఖర్చులో థాయ్‌లాండ్
(2025 ఫిబ్రవరిలో గుంటూరులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు మాస్టారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని బ్రాడీపేట దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. మాస్టారు నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం మా అన్నయ్యకి చెందాలి. మా ఇద్దరికీ లెక్కలు చెప్పింది మాస్టారే. ఇప్పటికీ ఒకరి మార్కులు ఇంకొకరి ఖాతాలో వేస్తుంటారు.

నన్ను పిలిచింది తక్కువ ఖర్చులో విదేశీ యాత్ర ఎలా చేయాలో చెప్పమని. చెబుతాను. ఇందాక మాస్టారు థాయ్‌లాండ్ అనగానే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫర్వాలేదండీ, టికెట్ కొన్న రోజు నుంచీ ఆ నవ్వు వింటూనే ఉన్నాను. ఆఫీసులో కన్ను గీటారు. మా బాబాయి "ఒక్కడివేనా?" అని దీర్ఘం తీశాడు. బ్యాంకాక్‌లో ప్రతునామ్ దగ్గర ఇడ్లీ దొరికే హోటల్లో మన జిల్లా వాళ్ళే ఒక గుంపు కనబడ్డారు. తెలుగు చెవిన పడగానే ప్రాణం లేచొచ్చి వెళ్ళి పలకరించాను. ఏ ఊరు, ఇంటి పేరేంటి, మూడో ప్రశ్న "పట్టాయాలో ఎన్ని రాత్రులు?" రాత్రి విలాసాలకి పేరుపడ్డ ఆ ఊరికి నేను అసలు వెళ్ళలేదంటే ఒక్కరూ నమ్మలేదు. ఆ దేశంలో ఇంకేం ఉంటుందని వాళ్ళ ఉద్దేశం!

సరే, డబ్బుల సంగతి ముందు తేల్చేస్తాను. మన పాస్‌పోర్టు మీద అక్కడ 60 రోజుల దాకా వీసా లేకుండా ఉండే వీలు 2024 జూలైలో కల్పించారు. వైజాగ్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం అదే ఏడాది ఏప్రిల్‌లో మొదలైంది. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, మనకి రాత్రి రైలెక్కితే వైజాగ్. హోటల్ గది వద్దు, డార్మిటరీలో మంచం చాలు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రాత్రి రైల్లో వెళ్ళండి, ఆ పూట అద్దె మిగులుతుంది. బ్యాంకాక్ నుంచి ఉత్తరాన చియాంగ్ మాయికి దాదాపు 750 కిలోమీటర్లు. చీకటి పడ్డాక అటెండెంటు వచ్చి మన సీట్లనే పక్కలుగా మార్చి, తెల్లటి దుప్పటి పరిచి, తెర లాగి వెళ్తాడు. మన స్లీపర్ క్లాసుకి అలవాటుపడ్డ వాడికి అది పెళ్ళివారి మర్యాద. బరువు ఎక్కువ మోయకండి. కానీ స్వెట్టర్ మర్చిపోవద్దు. జనవరిలో అక్కడి కొండల్లో పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తుంది.

ఇక తిండి. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన మనిషి కొడుకుని, కారం గురించి చెప్పకుండా ఎలా ఉంటాను? మన తేజా రకం కాయలు ఆ దేశానికి ఎగుమతి అవుతాయని ఇక్కడ చాలామందికి తెలుసు. చియాంగ్ మాయిలో నేను దిగిన ఇంటావిడ రోజూ సాయంత్రం వాకిట్లో బొగ్గుల కుంపటి పెట్టేది. పొడుగాటి పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు పుల్లకి గుచ్చి, తొక్క నల్లబడేదాకా కాల్చేది. ఆ తొక్క వేళ్ళతోనే ఒలిచి, రోట్లో ఉప్పేసి, కచ్చాపచ్చాగా నూరేది. నామ్ ప్రిక్ నుమ్ అంటారు. చింతపండు లేదన్నమాటే గానీ మా అమ్మమ్మ చేసే పచ్చిమిరపకాయ పచ్చడే. జిగురన్నం ముద్ద చేసి అందులో అద్దుకు తినాలి. నేను కళ్ళల్లో నీళ్ళు రాకుండా తినేసరికి ఆవిడకి నా మీద గౌరవం పెరిగింది. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. పెళ్ళయిందా అని అడిగింది. ఏ దేశమైనా ఆ వయసు ఆడవాళ్ళు అడిగేది అదే కదా. ఊళ్ళో నాకొక అబ్బాయి ఉన్నాడని టైపు చేశాను. చదువుకుంది. తలూపింది. తిరిగి టైపు చేసింది: "అతను కూడా ఇంత కారం తింటాడా?"

అవునండీ. నేను గే. మైకులో ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారి. మాస్టారూ, మీరు మంచినీళ్ళు తాగండి, కంగారేం లేదు, ఇంట్లో తెలుసు. తెలుసు అంటే, అమ్మకి తెలుసు, నాన్నకి తెలుసని అమ్మకి తెలుసు, ఆ విషయం మీద భోజనాల దగ్గర టీవీ సౌండు పెరుగుతుంది. సంక్రాంతికి ఊళ్ళో లేకుండా పోయానని అమ్మ ఇప్పటికీ సాధిస్తోంది. నేను జనవరిలో వెళ్ళిందే అందుకు. పండక్కి వచ్చే ప్రతి అత్తయ్య సంచిలో అరిసెలతోపాటు ఒక అమ్మాయి ఫొటో ఉంటుంది.

అధ్యక్షుల వారి చిట్టీ వచ్చింది, పది నిమిషాలట. అయోధ్య పేరు పెట్టుకున్న అయుత్తయ శిథిలాల గురించి, బ్యాంకాక్ రాజప్రాసాదం గోడల మీది రామాయణ చిత్రాల గురించి చెబుదామని రాసుకొచ్చాను. అవి పక్కన పెట్టేస్తున్నాను. వాటి గురించి ఎవరైనా చెబుతారు.

జనవరి 9న చియాంగ్ మాయిలో టీ తాగుతూ ఫోన్లో వార్త చూశాను. మాలాంటి జంటలకి పెళ్ళి హక్కు లేదని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుందిగా. ఆ కేసులో ముందు నిలబడ్డ సుప్రియో, అభయ్ హైదరాబాద్‌లో ఉండే జంటే. దాని మీద వేసిన పునఃసమీక్ష పిటిషన్లని అయిదుగురు న్యాయమూర్తులు ఆరోజు కొట్టేశారు. బహిరంగ విచారణ కూడా లేదు, ఛాంబర్లోనే అయిపోయింది. 2018 సెప్టెంబర్ 6న, మా సంబంధాల్ని నేరంగా చూసిన 377 సెక్షన్ మా మీద నుంచి తొలగినప్పుడు ఇక నేరస్తులం కాదని సంబరపడ్డాం. ఆ తర్వాత అడుగు పడలేదు.

అడుగు పడకపోతే ఏమవుతుంది, ఎవరికి వాళ్ళు బతుకుతున్నారుగా అనేవాళ్ళు ఈ హాల్లో కూడా ఉంటారు. వాళ్ళ కోసం ఒక రాత్రి సంగతి చెప్పాలి.

మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుంటాం. ఓనరు గారికి రూమ్మేట్లం. ఒక రాత్రి మా వాడికి కడుపునొప్పి. ఆస్పత్రికి తీసుకెళ్తే అపెండిక్స్, వెంటనే కోయాలి అన్నారు. క్యాష్ కౌంటర్లో అడ్వాన్స్ కట్టమంటే కార్డు గీశాను. నువ్వు అతనికేమవుతావని అక్కడ ఎవరూ అడగలేదు. ఆపరేషన్ కాగితం దగ్గరికి వచ్చేసరికి అడిగారు. ఫ్రెండ్ అని రాశాను. కుదరదు, బ్లడ్ రిలేషన్ రావాలన్నారు. మనిషి స్పృహలోనే ఉన్నాడు, నొప్పితో మెలికలు తిరుగుతూ తన సంతకం తనే పెట్టాడు. అది చాలదట. కందుకూరులో వాళ్ళన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన వీడితో మాట్లాడటం మానేసి ఏళ్ళయింది. అయినా పాపం కారేసుకుని బయల్దేరాడు. ఆయన వచ్చేదాకా నేను ఆ బల్ల దగ్గరే నిలబడ్డాను. వచ్చి సంతకం పెట్టాడు. మత్తు డాక్టరు ఆయన్నే అడిగాడు, ఏమైనా మందులు పడవా అని. ఆయన నా వైపు చూశాడు. సల్ఫా మందులు పడవు, బీపీకి ఫలానా మాత్ర వాడుతున్నాడు, రాత్రి ఎనిమిదింటికి తిన్నాడు అని నేను చెప్పాను. అంతా రాసుకున్నారు. నేను చెప్పిన వివరాలు పనికొచ్చాయి, నా సంతకం పనికిరాలేదు.

అమ్మా, ముందు వరసలో కూర్చున్న మీరు నర్సు అని ఇందాక పరిచయం చేశారు. మీ మీద కోపం లేదమ్మా. మీ చేతిలో ఉన్న ఫారం అలా ఉంది.

ఇదంతా బుర్రలో తిరుగుతుండగా జనవరి 23న బ్యాంకాక్‌లో ఉన్నాను. వాళ్ళ వివాహ సమానత్వ చట్టం అమల్లోకి వచ్చిన రోజు. సియామ్ పారగాన్ అని పెద్ద షాపింగ్ మాల్, దాని హాల్లోనే రిజిస్ట్రేషన్లు పెట్టారు. దేశమంతా కలిపి ఆ ఒక్కరోజే వెయ్యికి పైగా జంటలు నమోదయ్యాయి. కెమెరాలన్నీ పేరున్న వాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. నేను ఒక మూల బల్ల దగ్గర నిలబడిపోయాను. అరవై దాటిన ఆడవాళ్ళు ఇద్దరు. ఒకావిడ కళ్ళజోడు సంచిలో వెతుకుతోంది, రెండో ఆవిడ విసుక్కుంటూ తనది తీసి ఇచ్చింది. గుమాస్తా కుర్రాడు కార్డులు చూసి, పేరులో అక్షరాలు సరిపోయాయో లేదో రెండుసార్లు చదివించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, తర్వాతి వాళ్ళని పిలిచాడు. వాడి మొహంలో విశేషమేమీ లేదు. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థలం కాగితం రాసేటప్పుడు ఉండే మొహమే. నాకు మాత్రం అక్కడే కాళ్ళు కదల్లేదు. ఇకమీదట అందులో ఒకావిడకి ఆపరేషనంటే రెండో ఆవిడ సంతకం చెల్లుతుంది.

అక్కడ ఇది ఆకాశంలోంచి ఊడిపడలేదు. 2012లో నేను పచ్చడి తిన్న ఆ చియాంగ్ మాయిలోనే ఒక జంట పెళ్ళి నమోదుకి వెళ్తే తిప్పి పంపారు. 2021లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఆడా మగా పెళ్ళే చట్టబద్ధం అంది. మన కోర్టు చెప్పినట్టే. తర్వాత పార్లమెంటు పూనుకుంది. 2024 జూన్ 18న సెనేట్‌లో 130 మంది అనుకూలం, నలుగురు వ్యతిరేకం. అంటే కోర్టు కాదన్న తర్వాత కూడా దారి ఉంది. మన న్యాయమూర్తులు అది పార్లమెంటు పని అన్నారు, పార్లమెంటు ఆ మాటే ఎత్తడం లేదు. అక్కడ అంతా స్వర్గమని అనడం లేదు. చట్టంలో తల్లి, తండ్రి అనే మాటలు అలాగే ఉండిపోయాయి కాబట్టి పిల్లల విషయంలో చిక్కులున్నాయి. ట్రాన్స్ వాళ్ళు కార్డులో లింగం మార్చుకునే చట్టం ఇంకా రాలేదు.

రెండో చిట్టీ వచ్చింది. ముగిస్తున్నాను మాస్టారూ.

పార్లమెంటు సంగతి మీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. మీ చేతిలో ఉన్నది చెబుతాను. మాలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మొన్న శుక్రవారం మేమిద్దరం ఒక బ్యాంకుకి వెళ్ళాం. కౌంటర్లో ఆవిడ అన్నదమ్ములా అంది, కాదంటే వ్యాపారంలో భాగస్తులా అంది, అదీ కాదంటే మేనేజరు గారు లేరు సోమవారం రండి అంది. ఈ హాల్లో సగం మంది బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళో, చేసి రిటైరైన వాళ్ళో అని నాకు తెలుసు. ఆ ప్రకటన కాపీలు తీయించి తెచ్చాను, నా సంచిలో ఉన్నాయి, తలా ఒకటి పట్టుకెళ్ళండి, మీ బ్రాంచిలో ఇవ్వండి. మేం సోమవారం పదిన్నరకి మళ్ళీ వెళ్తున్నాం. నియమాలు తెలిసిన పెద్దలెవరైనా మాతో వస్తే సంతోషం. రైలు టికెట్లు, డార్మిటరీల గురించి అడగాలనుకున్న వాళ్ళు కూడా ఆ కాపీలు తీసుకునేటప్పుడే అడగండి, అన్నీ చెబుతాను.