కూలి బాకీ పెట్టి కానుక వేయవచ్చా?

(హైదరాబాద్ శ్రోతల కోసం శనివారం ఉదయం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి లిఖిత రూపం. ఫోన్ చేసినవారి పేర్లు తీసేశాం. జవాబులు చెప్పినవారు సికింద్రాబాద్‌లో చాలాకాలం సంఘ సేవ చేసి విశ్రాంతి తీసుకుంటున్న పాస్టర్ గారు.)

నిర్వాహకురాలు: అందరికీ వందనాలు. ఆదివారం విన్న వాక్యం సోమవారం నుంచి ఎలా నడుస్తుందన్నదే ఈ రోజు మాట. మొదటి ఫోను ఉప్పల్ నుంచి. చెప్పండి బ్రదర్.

శ్రోత: వందనాలు అయ్యగారూ. నేను పెయింటింగ్ పనులు కాంట్రాక్టుకు పడతాను. మా సంఘంలో కమిటీ సభ్యుణ్ణి కూడా. మందిరం స్లాబు కోసం కానుకలు అడిగినప్పుడు 50 వేలు ఇస్తానని అందరిలో లేచి చెప్పాను. గడువు రేపే. బిల్డర్ దగ్గర బిల్లు ఆగిపోయింది. చేతిలో ఉన్నది పనివాళ్ల కూలి డబ్బు. దేవునికి మొక్కుకున్నది ఆలస్యం చేయకూడదని ప్రసంగి 5వ అధ్యాయంలో ఉంది కదా. అందుకని ముందు కానుక కట్టేసి, కూలి తరువాత సర్దుదామని...

పాస్టర్: కూలి ఎన్నాళ్లది?

శ్రోత: రెండు వారాల కూలి ఎప్పుడూ నా దగ్గరే ఉంటుందండీ. మా పనిలో అందరిదీ అదే పద్ధతి. మొత్తం ఇచ్చేస్తే చెప్పకుండా ఊరికి వెళ్లిపోతారు.

పాస్టర్: ఎక్కడివాళ్లు?

శ్రోత: కొందరు పాలమూరు వైపువాళ్లు, ఇద్దరు ఒడిశావాళ్లు.

పాస్టర్: అంటే వాళ్ల డబ్బుతోనే వాళ్లను కట్టేస్తున్నారన్నమాట. ప్రసంగిని మీరు సరిగానే చదివారు. కానీ మొక్కుకునేది మన సొమ్ములోంచి. ఆ 50 వేలు మీవి కావు, మీ జేబులో ఉన్నాయి, అంతే. లేవీయకాండం 19వ అధ్యాయం 13వ వచనం తీయండి. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. రెండు వారాల సంగతి కాదు, ఒక్క రాత్రి! ద్వితీయోపదేశకాండం 24లో కారణం కూడా చెప్పాడు: వాడు బీదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకొని ఉంటాడు, పొద్దుగూకకముందే ఇవ్వు, లేకపోతే వాడు నీ మీద దేవునికి మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది. ఇక యాకోబు పత్రిక 5వ అధ్యాయానికి వస్తే కూలివాడే కాదు, బిగబట్టిన కూలి కూడా మొరపెడుతుంది. స్లాబు కింద ఆ మొర వినిపిస్తుంటే మనం పైన ఏ పాట పాడుతాం?

శ్రోత: వాక్యం కాదనను అయ్యగారూ. కానీ ఒకసారి నాకు సగం అపార్ట్‌మెంటుకు ప్రైమర్ కొట్టి, మిగతాది వదిలేసి మాయమయ్యారు. ఆ నష్టం ఎవరు భరించాలి?

పాస్టర్: న్యాయమైన ప్రశ్నే. పని ఎగ్గొట్టడమూ తప్పే. కానీ అప్పుడు వెళ్లిపోయినవాళ్ల తప్పుకు ఇప్పుడున్నవాళ్లు జరిమానా కట్టకూడదు. నేను కాంట్రాక్టులు చేసినవాణ్ణి కాను, అయినా నా సంఘంలో మీలాంటివారు చాలామంది ఉండేవారు. వాళ్లలో కొందరు చేసింది చెబుతాను. వారం కూలి శనివారం సాయంత్రం చేతిలో పెట్టేవారు. పని చివరిదాకా ఉన్నవాళ్లకు తమ లాభంలోంచి కొంత అదనంగా ఇస్తామని మొదటి రోజే చెప్పేవారు. దానికోసం పనివాళ్లు ఆగేవారు. బిల్డర్ అడ్వాన్సు ఇవ్వగానే కూలి భాగం వేరే ఖాతాలో వేసి, రంగు డబ్బాలకు దాన్ని ముట్టేవారు కాదు. అలా చేయడానికి డబ్బు చాలకపోతే పెద్ద పని ఒప్పుకోకండి.

మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని గుర్తున్నాడా? సంత వీధిలో నిలబడ్డవాళ్ల దగ్గరికి తానే వెళ్లాడు. పొద్దున మన నగరంలో లేబర్ అడ్డా మీద టిఫిన్ డబ్బా పట్టుకొని నిలబడేవాళ్లే వాళ్లు కూడా. మేము బోధకులం ఆ ఉపమానంలో కృప గురించి గంటసేపు చెబుతాం. ‘సాయంకాలమైనప్పుడు’ గృహనిర్వాహకుణ్ణి పిలిచి కూలి ఇప్పించాడన్న మాటను మాత్రం పరుగున దాటేస్తాం. చివరి గంటకు వచ్చినవాడు కూడా ఆ రాత్రి పూర్తి దేనారంతో, అంటే ఒక రోజు కూలితో, ఇంటికి వెళ్లాడు.

శ్రోత: మరి రేపు కమిటీకి ఏమని చెప్పాలి?

పాస్టర్: లేచి మాట ఇచ్చారు, లేచే చెప్పండి. నా దగ్గర పనివాళ్ల బాకీ ఉంది, అది తీర్చి, బిల్లు వచ్చాక నా కానుక ఇస్తాను అనండి.

శ్రోత: పరువు పోతుందండీ.

పాస్టర్: కొంత పోతుంది. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అందరి ముందూ నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మిమ్మల్ని నాలుగంతలు అడగడం లేదు, అసలు మాత్రమే ఇమ్మంటున్నాను. ఈ రోజు శనివారమే కదా, సాయంత్రంలోగా అయిపోవాలి.

నిర్వాహకురాలు: తరువాతి ఫోను సికింద్రాబాద్ నుంచి. చెప్పమ్మా.

శ్రోత: అయ్యగారూ, మేము ఈ మధ్యనే బాప్తిస్మం తీసుకున్నాం. ఏటా లష్కర్ బోనాలకు పక్కింటి పిన్నిగారు భోజనానికి పిలుస్తారు. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మాకు వండిపెట్టింది ఆవిడే. ఈసారి వెళ్లవద్దని మా సంఘంలో ఒక అక్క గట్టిగా చెప్పారు. వెళ్లకపోతే ఆవిడ మనసు కష్టపడుతుంది.

పాస్టర్: పౌలుకు కొరింథువాళ్లు వేసిన ప్రశ్న సరిగ్గా ఇదేనమ్మా. మొదటి కొరింథీయులకు 10వ అధ్యాయం 27 నుంచి చదువు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్లాలని నీకుంటే వెళ్లు, వడ్డించినది ఆరా తీయకుండా తిను అన్నాడు. కానీ ఎవరైనా ఇది బలి అర్పించినది అని చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దు అన్నాడు. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. మీ అక్క రెండోది పట్టుకున్నారు, ఇంకొకరు మొదటిదే పట్టుకుంటారు.

శ్రోత: అక్కడ కోసేది అమ్మవారికి ఇచ్చిన మేకనేనండీ. అందరికీ తెలుసు.

పాస్టర్: తెలిసినప్పుడు ఆ మాంసం వద్దు. మరి ఆ గుమ్మం కూడా తొక్కవద్దని పౌలు అనలేదు. నేనైతే ఇలా చేయమంటాను. పండుగకు రెండు మూడు రోజుల ముందే పిన్నిగారి ఇంటికి వెళ్లి, ఆవిడకొక్కరికే చెప్పు. పిన్నీ, నేను ప్రభువును నమ్ముకున్నాను, అర్పించినది తినను, కానీ నిన్ను చూడటానికి వస్తాను, నాకు ఒక్క కప్పు టీ చాలు అను. పండుగ రోజు నలుగురిలో పళ్లెం తోసేసి ఆవిడను చిన్నబుచ్చవద్దు. తరువాత ఏదో ఒక రోజు మీ ఇంటికి పిలిచి, నీ చేత్తో వండిపెట్టు. ఆ మూడు రోజుల భోజనం రుణం కూడా ఉంది కదా నీ మీద. మీ అక్కతో ఈ విషయం మీద వాదన పెట్టుకోకు. తిండి విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చవద్దని చెప్పే రోమా 14 చదివి, ఊరుకో.

నిర్వాహకురాలు: బొల్లారం నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: నాకు 70 దాటాయి నాయనా. షుగరు, బీపీ. నా కొడుకు మియాపూర్‌లో మంచి ఉద్యోగం చేస్తున్నాడు. పరిచర్య అంటే ప్రాణం పెడతాడు. ప్రతి నెలా దశమభాగం, ఆపైన సువార్త సభలకు వేరే. నా మందుల డబ్బు అడిగితే, దేవుని పనికి మాట ఇచ్చానమ్మా, వచ్చే నెల చూద్దాం అంటాడు. పెన్షనుతో లాక్కొస్తున్నాను.

పాస్టర్: యేసుప్రభువు కాలంలోనూ ఆ జవాబు ఉందమ్మా. మార్కు 7వ అధ్యాయం. నా వల్ల నీకు అందవలసినది కొర్బాను, దేవార్పితం అయిపోయింది అని తల్లిదండ్రులకు చెప్పి, చేతులు దులుపుకొనేవారు. అలా చేసి దేవుని వాక్యాన్నే నిరర్థకం చేస్తున్నారని ఆయన వాళ్ల మొహం మీదే అన్నాడు. పౌలు తిమోతికి రాసినది ఇంకా కటువుగా ఉంటుంది. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అన్నాడు. సరే, ఒక మాట అడుగుతాను. నెలకు మందులకు ఎంతవుతుందో మీ అబ్బాయికి లెక్క చెప్పారా?

శ్రోత: లెక్క చెప్పలేదు. వాడికి తెలియదా ఏమిటి?

పాస్టర్: తెలియకపోవచ్చు. మందుల దుకాణం బిల్లులన్నీ తీసి, ఒక కాగితం మీద మొత్తం రాయించండి. అబ్బాయిని ఒంటరిగా కూర్చోబెట్టి చేతిలో పెట్టండి. కోడలి ముందు వద్దు, నేను చెప్పిన వచనాలు ముఖాన కొట్టనూ వద్దు. మత్తయి 18 చెప్పే క్రమం కూడా అదే, ముందు ఒంటరిగా. అయినా వినకపోతే మీ పాస్టర్ గారిని కలవండి. ఈ కార్యక్రమం ఆ అబ్బాయి వింటుంటే, బాబూ, ఈ నెల దశమభాగం లెక్క వేసేలోగా మీ అమ్మ మందులు కొను.

నిర్వాహకురాలు: మల్కాజిగిరి నుంచి ఇంకొకరు. సమయం తక్కువగా ఉంది, క్లుప్తంగా అడగండి.

శ్రోత: సంఘంలో ఒక అన్న చిట్టీ పాడుకున్నారు. డబ్బు చేతికి రావాలంటే జామీను కావాలట. నన్ను సంతకం పెట్టమంటున్నారు. సహోదరుడికి కాదంటే ప్రేమ లేదన్నట్టు అవుతుందేమో.

పాస్టర్: ఆయన వాయిదాలు కట్టకపోతే మొత్తం మీరు కట్టగలరా?

శ్రోత: లేదండీ. నా జీతం 22 వేలు.

పాస్టర్: అయితే పెట్టకండి. సామెతల గ్రంథం 22వ అధ్యాయంలో, కట్టలేనివాడు జామీను పడితే కింద పరుచుకున్న పరుపు కూడా పోతుందని ఉంది. పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిము కోసం, అతను ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయమని ఫిలేమోనుకు రాశాడు. నేనే తీరుస్తానని స్వహస్తంతో రాసి ఇచ్చాడు. తీర్చడానికి సిద్ధపడినవాడు అలా రాయవచ్చు. మీకు చేతనైతే ఆ అన్నకు రెండు వేలో మూడు వేలో చేబదులు ఇవ్వండి, తిరిగి రాకపోయినా బాధపడనంత.

నిర్వాహకురాలు: చివరి ఫోను. కొంచెం శబ్దం వస్తోంది, గట్టిగా మాట్లాడండి.

శ్రోత: మెట్రోలో ఉన్నాను మేడమ్. రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం వెళతాను. పొద్దున ఫోనులో ఒక వచనం వస్తుంది, స్టేటస్‌లో పెడతాను, మధ్యాహ్నానికి అది ఏమిటో గుర్తుండదు. వాక్యం ప్రకారం నడవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి అయ్యగారూ?

పాస్టర్: మార్కు సువార్తతో. 16 అధ్యాయాలే. పోయేటప్పుడు ఒక అధ్యాయం చదవండి, వచ్చేటప్పుడు మళ్లీ అదే. అందులో ఈ రోజు నేను చేయవలసిన పని ఒకటైనా ఉందా అని చూసుకోండి. ఉంటే స్టేటస్‌లో పెట్టకుండా చేయండి.

శ్రోత: రేపటి నుంచి మొదలుపెడతానండీ.

పాస్టర్: రేపు ఆదివారం, మీకు మెట్రో ఎక్కే పని ఉండదేమో. ఇప్పుడు ఎక్కడున్నారు?

శ్రోత: అమీర్‌పేట దాటుతున్నాను.

పాస్టర్: మొదటి అధ్యాయం 45 వచనాలు. రాయదుర్గంలో దిగేలోగా అయిపోతుంది. ఫోను పెట్టేసి చదవండి.